కిల్కెనీ గోపురం దగ్గర ఓడిపోయిన బేరం

మొన్న ఆదివారం మా అమ్మాయి సోఫాలో కూర్చుని, ఫోన్ మీద వేలు ఆడిస్తూ, ఇక్కడ ఐర్లండులోని కిల్కెనీ కోట చూడడానికి నాకూ వాళ్ళమ్మకూ టికెట్లు కొనేసింది. ఎంతో కొంత తగ్గించమని అడిగావా అన్నాను, అలవాటు కొద్దీ. "అడగడానికి అక్కడ ఎవరున్నారు డాడీ?" అని నవ్వింది. నిజమే, తెర ముందు కూర్చుని మనం ఎంత గీచి గీచి అడిగినా అది ముఖం చిట్లించదు, లేచి వెళ్ళిపోతున్నట్టు నటిస్తే వెనక్కి పిలవదు. గుంటూరు పట్నంబజారులో నాన్నా ఇద్దరు బాబాయిలూ వరసగా మూడు బట్టల కొట్లు పెట్టుకుని ఉంటే, ఆ కొట్లలో తానుల మధ్య దోగాడుతూ పెరిగినవాణ్ణి నేను. బేరం లేని కొనుగోలు నాకు ఉప్పు వేయని పప్పు. అయినా ఆ ఊరి పేరు వినగానే గుర్తొచ్చింది మాత్రం గెలిచిన బేరం కాదు, మా ఆవిడ చేతిలో చిత్తుగా ఓడిపోయిన బేరం.

పన్నెండేళ్ళ కిందటి మాట. డబ్లిన్ ఆసుపత్రిలో నర్సుగా పదిమందికి సేవ చేసిన మనిషి, అంతకు ముందటి ఏడు తానే రోగిగా మంచం ఎక్కవలసి వచ్చింది. గుండెకు ఆపరేషన్ చేశారు. ఆ మంచం మీదే మొక్కుకుంది, లేచి తిరగగలిగితే డబ్లిన్ పక్కన మేముండే లూకన్ నుంచి హోలీక్రాస్ అనే ఊళ్ళో ఏసు సిలువ ముక్కను దాచిన పాత మఠం దాకా కాలినడకన వస్తానని. గుంటూరు నుంచి గుణదల మరియమ్మ కొండకు నడిచి వెళ్ళే ఇళ్ళలో పుట్టినవాళ్ళం కనుక మొక్కులో వింత లేదు, దూరమే నా గుండెలో గుబులు. సగం నడక, సగం కారు అని నేను దేవుడితోనే బేరానికి దిగితే, "మొక్కు నాది, మధ్యలో మీ దళారీ ఏంటండీ?" అని నోరు మూయించింది.

ఏడాది తిరిగి, డాక్టర్లు సరేనన్నాక, వేసవిలో మూడు కుటుంబాల వాళ్ళం బయలుదేరాం. మాతో నడిచిన పెద్దాయన ఒకరు డాక్టరు, అందరం డాక్టరన్నయ్య అనేవాళ్ళం. ఆరు రోజులు నడిచి కిల్కెనీ చేరాం, ఏడో రోజు విశ్రాంతి. అప్పటికి మా ఆవిడ మడమలు రెండూ బొబ్బలెక్కి ప్లాస్టర్ల కిందికి పోయాయి, ఏ చిన్న ఎత్తు వచ్చినా ఆగి ఊపిరి తీసుకునేది. నెమ్మదిగా నడిస్తే భయం లేదన్నాడు డాక్టరన్నయ్య. నాకు మాత్రం ఆమె ఆగిన ప్రతిసారీ ఆపరేషన్ గది బయట కూర్చున్న పూటే కళ్ళముందు మెదిలేది. ఎలాగైనా ఆమెను మర్నాడు బస్సెక్కించాలని నిశ్చయించుకున్నాను.

ఆ ఉదయం పట్టణం చూడబోయాం. ఏమాటకామాటే చెప్పాలి, అంత అందమైన ఊళ్ళను నేను చాలా తక్కువ చూశాను. వానకు తడిసి నల్లగా నిగనిగలాడే రాతి బాటలు, ఇద్దరు ఎదురైతే ఒకరు ఒదగాల్సిన సందులు, మెట్లెక్కి వెళితే కెథడ్రల్ అనే పాత పెద్ద చర్చి. లోపల సమాధుల మీద ఏనాటి ప్రభువులో, వాళ్ళ ఇల్లాళ్ళో, చేతులు జోడించి పడుకున్నట్టు నల్లరాతిలో చెక్కి ఉన్నారు. అందరూ దేవుణ్ణి తలుచుకుంటుంటే నేను మాత్రం ఒక రాతి దొరసాని దుస్తుల మడతల దగ్గర నిలబడిపోయాను. బట్టల కొట్టు బుద్ధి పోతుందా! ఎన్ని గజాల బట్ట పట్టిందో కంటితోనే కొలిచాను. వేలితో తాకితే జారుతుందేమో అనిపించేలా రాతిని మడతలు పెట్టిన ఆ పనివాడికి మనసులోనే దండం పెట్టాను. అతని దగ్గర నేను ఒక్క పైసా తగ్గించి అడిగేవాణ్ణి కాదు.

కెథడ్రల్ పక్కనే గుండ్రటి రాతి గోపురం, సన్నగా, కిటికీలు కూడా పొదుపుగా పెట్టుకుని, ఆకాశంలోకి లేచి ఉంది. లోపల ఒకదాని మీద ఒకటిగా నిటారు చెక్క నిచ్చెనలు. దాన్ని చూడగానే నాకు తెలివి పుట్టింది. ఇది ఎక్కి దిగగలిగితే రేపు నడువు, ఇక బస్సు ఊసెత్తను. ఎక్కలేకపోతే రేపు బస్సు. ఇదీ బేరం అన్నాను. "సరే" అంది, రెప్పకూడా వేయకుండా. చెప్పిన ధరకే ఒప్పుకున్న కొనుగోలుదారుకు నీకు తెలియనిదేదో తెలిసి ఉంటుందిరా అనేవాడు నాన్న. ఆ మాట నాకు ఆలస్యంగా గుర్తొచ్చింది.

ఇక మిగిలింది ఒక్కటే దారి. గోపురం కాపలా ముసలాయన దగ్గరికి పక్కగా వెళ్ళి, మా ఆవిడకు గుండె ఆపరేషన్ అయిందనీ, మీరే వద్దని ఆపేయాలనీ చెవిలో చెప్పాను. జీవితంలో మొదటిసారి, సరుకు అమ్మవద్దని దుకాణదారును బతిమాలాను. ఆయన ఆమెను పిలిచి, డాక్టరు ఏమన్నాడని అడిగి, మాతో ఉన్న డాక్టరన్నయ్యనే అడిగి తెలుసుకుని, నన్ను ఎగాదిగా చూశాడు. "ఆమెకేం, గ్రాండ్‌గా ఉంది! నాకు మీ సంగతే అనుమానంగా ఉంది" అన్నాడు తన ఇంగ్లీషులో. మా అమ్మాయి పక్కనుంచి, "హీ'జ్ రైట్, డాడ్. చెమట చూడు" అంది.

ఆమె ముందు, నేను వెనక. రెండో నిచ్చెన దాకా ఆమె ఆయాసం వింటూ, పడితే పట్టుకుందామని చేతులు సిద్ధంగా పెట్టుకుని ఎక్కాను. మూడో నిచ్చెన మీద కిందికి చూశాను, అంతే. పైకీ పోలేను, కిందికీ రాలేను. పట్టుకోవడానికి వచ్చినవాడు నిచ్చెనను కావలించుకుని కళ్ళు మూసుకున్నాడు. పైనుంచి ఆమె గొంతు వినిపించింది, ఆసుపత్రిలో రోగులతో మాట్లాడే గొంతు. "కిందికి చూడకండి. నా మడమలు చూడండి. నేనాగితే మీరూ ఆగండి, నేను కదిలితే కదలండి."

చూశాను. నలిగి, అంచులు లేచిన రెండు ప్లాస్టర్లు. ఆగింది, ఊపిరి తీసుకుంది, కదిలింది. అప్పుడు తెలిసింది, ఆరు రోజులుగా నేను అలసట అనుకున్నది ఆమె లెక్కగా, తెలిసి తీసుకునే ఊపిరి అని. తన గుండె ఎంతవరకు మోస్తుందో ఆమెకు తెలుసు, తెలియనిది నాకే. పైకి చేరేసరికి నది, కోట, తడిసిన పెంకులు, రేపు నడవాల్సిన పచ్చటి దారి, అన్నీ ఒక్కసారి కళ్ళలో పడ్డాయి. ఆమె గోడ పట్టుకుని ఆ దారినే చూస్తూ, "బస్సు ఎన్నింటికన్నారూ?" అంది. మర్నాడు నడిచింది. ఆ తర్వాతా నడిచింది. మఠం గుమ్మం ముందు చెప్పులు విడిచి, మొక్కు ఒక్క అడుగు కూడా తగ్గకుండా చెల్లించింది.

వచ్చే వారం కిల్కెనీ వెళ్ళినా ఆ గోపురం మళ్ళీ ఎక్కుతామన్న ఆశ లేదు. నాకు మోకాళ్ళు, ఆమెకు వయసు. ఇప్పుడు మాకున్న ఎత్తల్లా ఇంట్లో పడకగదికి వెళ్ళే మెట్లే. ఆమె ముందు ఎక్కుతుంది, నేను వెనక. సగంలో ఆగుతుంది, ఈమధ్య కొంచెం ఎక్కువసేపే ఆగుతుంది. కింద గదిలోకి మంచం మార్చుకుందామనే మాట నా నాలుక చివరిదాకా వస్తుంది, మింగేస్తాను. రెండు మెట్లు కింద నిలబడి ఆమె మడమలనే చూస్తూ ఉంటాను, అవి కదిలేదాకా.