రెండో రబ్బరు రింగు

మా బావగారి ఎర్ర కారు ఇంజను పాడైంది ఆయన చేతివల్ల కాదు, నా వల్ల. ఈ ఒక్క మాట చెప్పకుండా చాలా ఏళ్లు ఆయన ఇంట్లో భోజనాలు చేశాను, చర్చిలో ఆయన పక్కనే నిలబడి పాటలు పాడాను. పోయిన నెల పటమటలో వాళ్లింటికి వెళ్లేసరికి, గోడ గడియారంలో సెల్లు మార్చడానికి మనిషిని పంపమని ఆయన ఎవరికో ఫోను చేస్తున్నారు. నేను వేస్తానంటే, "నువ్వూ వద్దు, నేనూ వద్దు. తెలిసినవాడు వేస్తాడు" అన్నారు. ఒకప్పుడు ఆ వీధిలో ఎవరింట్లో మిక్సీ ఆగినా, చర్చిలో మైకు గురగురలాడినా ముందు ఆయన్నే పిలిచేవారు. అలాంటి మనిషి ఇలా అయ్యారంటే అది వయసు వల్లనేనని మావాళ్లు అనుకుంటున్నారు. వయసు పాపం ఏమీ లేదు.

ఆయన మా అక్కయ్య భర్త. బ్యాంకు ఉద్యోగి. పిల్లల చదువులు ఒక దారిన పడ్డాక, ఎవరో వాడి వదిలేసిన స్పోర్ట్స్ కారు కొన్నారు. ఇద్దరే పడతారు. ఎంత పొట్టిదంటే, అందులో కూర్చుంటే పక్కన ఆగిన బస్సు చక్రం ముఖానికి ఎదురుగా ఉండేది. పెద్ద స్పీడ్ బ్రేకర్ వస్తే కారు అడుగు తగలకుండా అక్కయ్య దిగి నడిచి, అవతల మళ్లీ ఎక్కేది. "దీనికంటే రోడ్డు మీద చాప పరుచుకుని కూర్చుంటే నయం కదండీ" అని ఎక్కినప్పుడల్లా అనేది. ఆయన నవ్వి స్టీరింగ్ తుడుచుకునేవారు. దాని మీద బయటివాళ్ల చెయ్యి పడనిచ్చేవారు కాదు. కడగడం, పాలిష్ పెట్టడం, ఆయిలు మార్చడం అన్నీ ఇంట్లోనే.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక ఆయిలు మార్చడానికి దిగాం. ఆ కారు కిందికి జాకీ కూడా దూరదు. పక్కన మేడ కడుతున్నవాళ్ల దగ్గర సెంట్రింగు చెక్కలు అడిగి తెచ్చి, వాలుగా పేర్చి, ముందు చక్రాలు వాటి మీదికి ఎక్కించి, వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టారు. ఎక్కించాక కూడా ఆ సందు ఆయన పొట్టకు చాలలేదు. "నువ్వు దూరు బావమరిదీ, మీ అమ్మ నిన్ను ఇందుకే సన్నగా కన్నది" అన్నారు. లుంగీ ఎగ్గట్టి, గోనెసంచి మీద వెల్లకిలా పడుకుని దూరాను. బోల్టు తియ్యగానే నల్లటి ఆయిలు వెచ్చగా పాత బేసినులోకి కొంత, నా మోచేతి మీదుగా చంకలోకి కొంత దిగింది. తర్వాత ఫిల్టరు. చిన్న డబ్బాలా ఉంటుంది, అంచున రబ్బరు రింగు. పాతది విప్పినప్పుడు ఆ రింగు ఒక్కోసారి ఇంజనుకే అంటుకుని ఉండిపోతుంది. చూసుకోకుండా కొత్తది బిగిస్తే రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడి, ఎప్పుడో ఒకప్పుడు జారి ఆయిలంతా పోతుంది. బావగారు ఇదంతా ముందే చెప్పారు. విప్పాక మళ్లీ అడిగారు. "రింగు దాంతోపాటే వచ్చిందా? చూసి చెప్పవయ్యా." అదే సమయానికి అక్కయ్య వంటింట్లోంచి, "కోడిపలావు చల్లారిపోతోంది. ఆ బండితోనే కాపురం చేస్తారా ఇద్దరూ?" అని కేకేసింది. కళ్లలో చెమట, తల తిప్పే చోటు లేదు, కడుపులో ఆకలి. "వచ్చిందండీ" అన్నాను. నేను చూడలేదు. కొత్తది బిగించి బయటికి వచ్చాక ఆయన బానెట్లోంచి చెయ్యి దూర్చి, "నా చేత్తో ఒక్క తిప్పు తిప్పకపోతే నాకు తృప్తి ఉండదు" అని ఇంకాస్త బిగించారు.

కొద్ది రోజులకు కంకిపాడు దాటాక కారు ఆగిపోయిందని ఫోను వచ్చింది. బైకు మీద వెళ్లేసరికి, ఏదో పెళ్లికి బయల్దేరిన అక్కయ్య పట్టుచీరతో కాలువ గట్టున నిలబడి ఉంది. ఆయిలు లేక ఇంజను బిగుసుకుపోయింది. రోడ్డు మీద వెనక చాలా దూరం వరకూ నల్లటి చార. పల్లం వైపు నుంచి కారు కిందికి తల దూర్చి ఫోను లైటు వేశాను. ఫిల్టరు అంచున ఒక రింగు లోపల, ఇంకొకటి నాలుకలా బయటికి వేలాడుతూ కనబడింది. వేలాడేదాన్ని లాగేసి, బావగారు అటు తిరిగినప్పుడు కాలువలోకి విసిరేశాను. "ఏమైందయ్యా?" అన్నారు. "రబ్బరు చిరిగినట్టుందండీ." ఆయన తన కుడిచేతిని ఒకసారి చూసుకున్నారు. "నేనే ఎక్కువ బిగించాను" అన్నారు. కాదనడానికి నాకు ఎంతో సమయం ఉంది. టోయింగ్ బండి వచ్చేదాకా ముగ్గురం అక్కడే నిలబడ్డాం.

కారు అయినకాడికి అమ్ముడుపోయింది. పానాల పెట్టె అటక ఎక్కింది. ఇంట్లో ఏది పాడైనా, "ఆయన్ని పిలవకండి, తిప్పేస్తారు" అని మావాళ్లు నవ్వేవారు. ఆయనా నవ్వేవారు. నేనూ నవ్వాను. ఇప్పటికీ అది తలచుకుంటేనే నాకు ఎక్కువ సిగ్గు.

గడియారం సంగతి చూశాక ఇక ఉండబట్టలేదు. ఆ సాయంత్రమే వరండాలో ఆయన ఎదురుగా కూర్చుని రింగు సంగతీ కాలువ సంగతీ చెప్పేశాను. ఆయన కుర్చీలో ముందుకు జరిగారు.

"కాలువ దగ్గర రెండో రింగు చూశావా అప్పుడు? కళ్లారా?"

"చూశానండీ."

"ఓరి నీ అసాధ్యం కూలా" అని, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అక్కడే చెప్పుంటే వారం రోజులు తిట్టేవాణ్ణి కదయ్యా. తర్వాత ఇంకో ఇంజను విప్పేవాణ్ణి."

ఆ మాటలో కోపం లేదు. అందుకే తట్టుకోలేకపోయాను. ఆయన కుడిచెయ్యి నా రెండు చేతుల్లోకి తీసుకుని, "ఇంజను సంగతి అలా ఉంచండి బావగారూ, ఈ చెయ్యి ఖాళీగా కూర్చున్న ఏళ్లన్నిటికీ నన్ను క్షమించండి" అన్నాను.