నేతవీధి నిఘంటువు చెడిపోయిన నెల

వనపర్తిలో జూనియర్ కాలేజీ పిల్లలకు ఇంగ్లీషు చెప్పి బతికేవాణ్ని నేను. చెప్పీ చెప్పీ నా గొంతు ఎంత అరిగిపోయిందంటే, ఇంట్లో మంచినీళ్లు అడిగినా పాఠం మొదలైందనుకుని మా ఆవిడ పక్క గదిలోకి వెళ్లిపోతుంది. అందుకని ఆదివారం వస్తే గద్వాలలో ఉన్న మా అక్క ఇంటికి బస్సెక్కేవాణ్ని. ఆ బస్సు గురించి ఎక్కువ చెప్పను. పెబ్బేరు దాటి బీచుపల్లి దగ్గర కృష్ణ మీది వంతెన ఎక్కేసరికి, వనపర్తిలో అర టికెట్టు తీసుకున్న పిల్లలకు మీసాలు వచ్చేవి. కండక్టరు వెనక్కి వచ్చి తక్కిన సగం టికెట్టు కొట్టేవాడు.

అక్కవాళ్లది నేత ఇల్లు. ముందు గదంతా గుంట మగ్గమే. గద్వాల చీరకు నడుమ నూలు, అంచులు పట్టు. ఆ రెంటినీ పోగుపోగుకూ కలుపుతూ నెయ్యాలి కనుక ఒక్క మనిషి చేతులు చాలవు. ఒకరు మగ్గంలో కూర్చుంటే ఇంకొకరు పక్కన కూర్చుని అంచు పోగును మోసే నాడె అందుకుని తిరిగి విసరాలి. మగ్గంలో మా అక్క, పక్కన ఆమె కూతురు. ఊహ తెలిసినప్పటి నుంచీ ఆ రెండో చెయ్యి మా మేనకోడలిదే.

ఆ పిల్ల బ్యాంకు గుమస్తా పరీక్షలు రాస్తూ ఉండేది. లెక్కలు ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడేవి. రీజనింగు వంగి దండం పెట్టేది. ఇంగ్లీషు మాత్రం గుమ్మంలోనే కాలడ్డం పెట్టేది. ఆ భాగానికి విడిగా ఒక గీత ఉంటుంది. అది దాటకపోతే తక్కిన వాటిలో ఆకాశమంత ఎత్తున మార్కులు తెచ్చుకున్నా ఇంటికి రావడమే. ప్రతిసారీ ఆ గీతకు వెంట్రుకవాసి కిందే ఆగిపోయేది. వ్యాకరణం తంటా కాదు. మాటలే తెలిసేవి కావు. ఈసారి పడిన నోటిఫికేషన్ దాటితే వయసు గడువు కూడా దాటిపోతుంది. ఇదే ఆఖరుది.

ఆమె దగ్గర ఒక లావుపాటి మాటల పుస్తకం ఉండేది. ఇంట్లో తిరగలి పోయిన రోజున దాన్ని తిరగలిగా వాడుకోవచ్చు. ప్రతి పరీక్షకూ ఆ పుస్తకం మొదటి అక్షరం నుంచి మొదలుపెట్టేది, రెండో అక్షరం చేరేలోపు పరీక్ష వచ్చేది. అందువల్ల ‘ఏ’తో మొదలయ్యే మాటల్లో లండన్‌లో పుట్టినవాళ్లను కూడా కూర్చోబెట్టి పాఠం చెప్పగలదు. బ్యాంకువాళ్లకు ఇంకో ఇరవై అయిదు అక్షరాలు తెలియడమే చిక్కు.

నేను ఒక ఉపాయం చెప్పాను. అక్కవాళ్ల వీధిలో రేషన్ కార్డు మీది పేరుతో ఎవర్నీ పిలవరు. గుణాన్ని బట్టో, కూర్చునే చోటును బట్టో ఒక పేరు పెడతారు. చచ్చేదాకా అదే పేరు. “ఆ పేరును కాస్త ఇంగ్లీషులోకి మార్చు. మనిషికో మాట. మనిషి కనబడితే మాట కనబడాలి” అన్నాను.

మాటలకు మనుషులు కరువు కాలేదు. పెద్దా చిన్నా అందరూ దుకాణం తాత అని పిలిచే కిరాణా కొట్టాయన ఉండేవాడు. కందిపప్పు తూస్తూ ఒక్క గింజ ఎక్కువైతే, దాన్ని కొరికి సగం వెనక్కి తీసుకునేవాడు. ఆయనకు పార్సిమోనియస్ అని పెట్టింది, అంటే పిసినారి. ఎదురింటి అత్త మాట మొదలుపెడితే వీధిలో ఆరేసిన బట్టలు ఆ గాలికే ఆరిపోయేవి. ఆమెకు గారులస్, వదరుబోతు. మూల ఇంటి అరుగు మీద పొద్దస్తమానం పడుకునే అరుగన్నకు ఇండొలెంట్, సోమరి. ఆయన పడుకునీ పడుకునీ ఆ బండ మీద మనిషి ఆకారంలో గుంట పడింది. వానాకాలం అందులో నీళ్లు నిలిస్తే పిట్టలు తాగేవి. ఇలా వీధి వీధంతా పుస్తకంలోకి ఎక్కింది.

చదివే వేళ విడిగా లేదు కనుక మగ్గం దగ్గరే వల్లె వేసేవారు. అక్కకు ఇంగ్లీషు రాదు. ఆమె మనిషిని పిలిచి నాడె విసరాలి, కూతురు మాట చెప్పి నాడె తిప్పి విసరాలి. పిల్ల గెలిస్తే మగ్గానికి రెండో చెయ్యి పోతుంది. ఆ సంగతి అక్క ఎన్నడూ ఎత్తలేదు. పైగా రోజురోజుకూ గొంతు పెంచింది. మగ్గం చప్పుడు మీద వినబడాలంటే అరవక తప్పదు మరి. ఆ గదికున్న ఒకే ఒక్క కిటికీ వీధిలోకి తెరుచుకుంటుంది.

ఒక ఆదివారం నేను బస్సు దిగి వీధి మలుపు తిరిగేసరికి ఇంట్లోంచి కేక వినబడింది.

“మా తమ్ముడు!”

“హైపర్‌బోలి!”

అంటే అతిశయోక్తి. నేనన్నమాట. పుట్టిన ఈ లక్ష సంవత్సరాల్లో ఒక్కసారైనా ఉన్నదానికి మించి చెప్పి ఎరగను. అయినా ఊరుకున్నాను. అప్పుడే తోచింది, మలుపు దాకా నాకు వినబడితే అందరికీ వినబడుతుంది కదా అని.

వినబడింది కూడా. మొదట ఎవరికీ అర్థం తెలియలేదు. తమ పేరు పక్కన ఇంగ్లీషు మాట పడుతోందని రెండు దినాలు మురిసిపోయారు. అరుగన్నకు ఫోను తప్ప వేరే వ్యాపకం లేదు. పడుకునే, పక్కకు కూడా తిరగకుండా, ఒక్కొక్క మాటనూ ఫోనుకు చెప్పి తెలుగు అడిగాడు. ఫోను మొహమాటం లేకుండా చెప్పేసింది. ఆ సాయంత్రమే దుకాణం తాత మా అక్క గుమ్మంలో నిలబడ్డాడు.

“ఏమమ్మా, నా పేరు మీద ఇంగ్లీషుల దండోర ఏస్తున్నవంట గద?”

“నేనేం దండోర ఏస్త తాతా? నాకు ఇంగ్లీషే తెల్వదు” అంది అక్క.

“నీకు తెల్వదు, నీ బిడ్డకు తెలుసు. ఫోనుకు ఇంక మంచిగ తెలుసు. పిసినారంట నేను!”

“అది బ్యాంకోళ్లు పెట్టిన మాట తాతా, పరీక్షల అడుగుతరు” అంది మేనకోడలు.

“బ్యాంకోళ్లకు నా సంగతి ఎవరు చెప్పిండ్రు మరి?”

ఆయన కండువా దులిపి వెళ్లిపోయాడు.

తిట్టుకుని ఊరుకుంటారనుకున్నాం. వాళ్లు అంతకన్నా ఘోరమైన పని చేశారు. మంచివాళ్లయిపోయారు.

మర్నాటి నుంచి దుకాణం తాత పప్పు తూచి పైన పిడికెడు వేయడం మొదలుపెట్టాడు. కొత్తిమీర కట్ట ఊరికే ఇచ్చాడు. అగ్గిపెట్టె కొన్నవాళ్లకు బెల్లంముక్క చేతిలో పెట్టాడు. కొందరు భయపడి తినకుండా ఇంటికి తెచ్చి చీమలకు పెట్టి చూశారు. ఎదురింటి అత్త నోరు మూసింది. ఆమె మౌనానికి వీధి కుక్కలు ఊళపెట్టాయి. పాలాయన ఎవరో పోయారనుకుని పరామర్శకు టోపీ తీసి నిలబడ్డాడు. అరుగన్న కోడి కన్నా ముందు లేచి తన వాకిలి ఊడ్చి, పక్క వాకిలి ఊడ్చి, చీపురు ఆపడం చేతకాక మునిసిపాలిటీ హద్దు దాకా ఊడ్చుకుంటూ పోయాడు. అంత శుభ్రమైన, ఉదారమైన, నిశ్శబ్దమైన వీధి గద్వాల సంస్థానం ఏలిన కాలంలో కూడా ఉండి ఉండదు.

పరీక్ష దగ్గరపడింది. మేనకోడలు వనపర్తిలో ఒక కోచింగు సెంటరులో నమూనా పరీక్ష రాసి మా ఇంటికి వచ్చింది. అన్నం పెట్టినా కలపలేదు.

“మామా, నా డిక్షనరీ చెడిపోయింది” అంది.

“చెడిపోవుడేందే?”

“పార్సిమోనియస్ అని చూడంగనే తాత కండ్ల ముందర నిలవడుతుండు. నిలవడి, పిడికెడు పల్లీలిస్తుండు. దాతృత్వం ఉన్నోడు అని కొట్టిన.”

“మరి గారులస్?”

“అత్త మూతి బిగవట్టుకోని కూసున్నది. మితభాషి అని కొట్టిన.”

“ఇండొలెంట్?”

“చీపురు పట్టుకోని ఉరుకుతుండు మామా, ఆపితే ఆగుతలేడు.”

“పోనీ, మా కాలేజీల బోలెడు మంది ఉన్నరు గద, మనుషులను మార్చు” అన్నాను.

“ఉన్న నాలుగు దినాలల్ల కొత్తోళ్లను తెచ్చి, వాళ్ల గుణాలు ఎప్పుడు చూడాలె?” అని కంచం ముందు నుంచి లేచిపోయింది. ఆమె చెప్పింది నిజమే. ఒక మనిషి పిసినారితనం మనసుకు ఎక్కాలంటే చిన్నప్పటి నుంచీ ఆ కొట్లో పప్పు తెచ్చి ఉండాలి.

నేను పిల్లను వెంటబెట్టుకుని గద్వాల వెళ్లి ఈ సంగతి చెబితే అక్క మగ్గం దిగింది. మగ్గం మీద చీర ఉండగా పగలు ఆమె గుంటలోంచి లేచి బయటికి రావడం వీధి చూడలేదు. నేరుగా దుకాణానికి వెళ్లింది. నేను సంచీ పట్టుకుని వెనకాల వెళ్లాను.

“తాతా, జర పరీక్ష అయ్యేదాక ఎప్పటిలెక్కనే ఉండు.”

“ఎప్పటిలెక్క అంటే?”

“అదే... నీ లెక్క.”

“నేను పుట్టినప్పటి సంది గిట్లనే. అడుగు, ఎవల్నన్న అడుగు” అని, అక్క అడగకుండానే సంచీలో ఇన్ని పుట్నాలు పోశాడు.

అక్కడి నుంచి ఎదురింటి అత్త దగ్గరికి. “వదినా, ఒక్క మాట మాట్లాడు, నీ కాల్మొక్కుత” అంది అక్క. అత్త నోటి మీద చెయ్యి పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. కళ్లల్లో మాత్రం నెల రోజుల మాటలు ఉబ్బి నీళ్లుగా నిలిచి ఉన్నాయి. అరుగన్న సంగతి అడగనక్కర్లేదు. “పనిల ఉన్న అక్కా, తర్వాత మాట్లాడుదం” అంటూ చీపురుతో మమ్మల్నే పక్కకు జరిపాడు.

సంచీ బరువెక్కింది, అక్క ముఖం వాడింది. “నా బిడ్డ నౌకరి ఈళ్ల మంచితనంల మునిగిపాయె తమ్మీ” అని మళ్లీ మగ్గంలో కూర్చుంది. ఆ రోజు మనుషుల్ని పిలవలేదు. నాడె చప్పుడు ఒక్కటే వినబడింది.

పరీక్ష కేంద్రం నాగర్‌కర్నూల్ బయట ఒక ఇంజనీరింగు కాలేజీలో పడింది. తోడు నేనే. పొద్దున బస్టాండుకు వెళ్లేసరికి వీధి సగం అక్కడే ఉంది. ఎంతైనా వాళ్ల పిల్ల. పైగా తమ గుణాల మీద పరీక్ష.

దుకాణం తాత అందరూ చూస్తుండగా జేబులోంచి బిస్కెట్ల పొట్లం తీశాడు. “తొవ్వల తిను బిడ్డా” అని ఇవ్వబోయి, చేతిలో పొట్లం బరువు చూసుకున్నాడు. ఏదో కదిలినట్టుంది. పొట్లం చింపాడు. సగం ఆమె చేతిలో పెట్టి, తక్కినది మడిచి రబ్బరు బ్యాండు వేసి జేబులో పెట్టుకున్నాడు.

“పోయేతప్పుడు గన్ని సాలు. ఇవి వచ్చినంక ఇస్త” అన్నాడు. మళ్లీ ఆమె అరచేతిలోకి తొంగిచూసి ఒకటి తీసుకున్నాడు. “ఒకటి ఎక్కువ వచ్చినట్టున్నది.”

మేనకోడలు తలెత్తి ఆయన వైపు అలాగే చూసింది.

బస్సు కదిలింది. ఎదురింటి అత్త నోటి మీద చెయ్యి పెట్టుకునే కిటికీ పక్కన నాలుగడుగులు నడిచింది. ఆ తర్వాత ఆనకట్ట తెగింది.

“ఏ పిల్లా, ఆధార్ పెట్టుకున్నవా, హాల్ టికెట్ పెట్టుకున్నవా, మా తోడికోడలి బిడ్డ గిట్లనే ఒట్టి చేతులతోని పోయి ఏడ్సుకుంట వచ్చింది, ఆ దినం వాళ్లింట్ల కూర గూడ మాడింది, అదెట్ల మాడిందంటే...”

డ్రైవరు జాలిపడి బస్సు ఆపాడు. ఆమె ఎక్కింది. కూర మాడడంతో మొదలై ఆ తోడికోడలి మూడు తరాల ముచ్చట అయ్యేదాకా దిగలేదు. ఎర్రవల్లి చౌరస్తాలో దిగాక కూడా కిందనుంచి చెబుతూనే ఉంది. అంతకుముందు బస్టాండు దాటుతూ వెనక్కి చూస్తే, చెయ్యి ఊపడానికని వచ్చిన అరుగన్న సిమెంటు బెంచీ మీద నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు.

కృష్ణ వంతెన మీద మేనకోడలు చేతిలోని బిస్కెట్లు చూసుకుని నవ్వడం మొదలుపెట్టింది.

“మామా, ముగ్గురు వాపస్ వచ్చిండ్రు.”

పరీక్ష కాలేజీ గేటు బయట నేను ఎండలో ఎంతసేపు నిలబడ్డానో చెబితే హైపర్‌బోలి అంటారు. నా నీడ మాత్రం విసుగెత్తి చెట్టు కిందికి పోయి కూర్చుంది. పిల్ల బయటికి వచ్చి మొదట నీళ్లు తాగింది.

“తాత వచ్చిండు మామా. నాలుగు ఆప్షన్ల నడుమ కూసున్నడు. పల్లీలు చూపిచ్చి ముందుగాల మోసం చేయ చూసిండు. నేను బిస్కెట్ యాద్జేసుకున్న.”

ఈసారి ఇంగ్లీషు గీత దాటింది, వెంట్రుకవాసి పైన. దాని తర్వాతి పరీక్ష కూడా అదే ఊపులో దాటి, లింగాలలో బ్యాంకు కొలువులో చేరింది. దుకాణం తాత మిగిలిన బిస్కెట్లు ఇచ్చాడా అని అడక్కండి. అవి మెత్తబడ్డాయని చెప్పాడు.

మొన్న ఆదివారం గద్వాల వెళ్లాను. వీధి మలుపులోనే అక్క గొంతు వినబడింది. అలవాటు పోలేదు.

“దుకాణం తాత!”

జవాబుగా ఒక్క మాట రాలేదు. చాలా వచ్చాయి. లోపలికి వెళ్లి చూస్తే మగ్గం పక్కన, మేనకోడలు కూర్చునే చోట, ఎదురింటి అత్త కూర్చుని ఉంది. రెండో చేతికి వేరే మనిషి దొరకలేదట.

“దుకాణం తాతనా? ఆయన సంగతి ఏం చెప్పాల్నమ్మా, నిన్న నేను చింతపండుకు పోతే ఏం చేసిండో తెల్సా, గింజ తీసినంక తూస్తడనుకున్న, ఆయనేమో గింజతోనే...”

నాడె ఆమె చేతిలోనే ఉండిపోయింది. చీర మీద నూలు పట్టు అంచు కోసం ఎదురుచూస్తోంది. అక్క కాసేపు తల పక్కకు తిప్పి, లింగాల బస్సు పోయే దిక్కుకేసి కిటికీలోంచి చూసింది. తర్వాత ఇటు తిరిగి చెయ్యి చాపింది.

“నాడె ఇసురు వదినా.”