జామకాయకు రెండు జిలేబీలు

షుగరు జబ్బుతో బేరమాడి నెగ్గానని మేడ్చల్ బజారులో నాలుగేళ్లు కాలరెగరేసి తిరిగినవాణ్ణి నేను.

అప్పట్లో మా కిరాణా దుకాణానికి ఒక మేడం వచ్చేవారు. కోస్తా నుంచి వచ్చి, జీడిమెట్లలో మందుల కంపెనీ ల్యాబులో పనిచేసేవారు. ఎంత ధర చెప్పినా బేరమాడేవారు కాదు. ఉల్లిగడ్డలు మాత్రం ఒక్కొక్కటే వెలుతురుకు పట్టి చూసి, ముదురు ఎరుపువే ఏరుకునేవారు.

"పై పొరల్లోనే ఫ్లేవనాయిడ్లు ఎక్కువ బాబూ. ఒంట్లో పట్టే తుప్పును అడ్డుకుంటాయి. నీకు షుగరు రాకముందే మొదలుపెట్టు. ఉల్లి, జామ, ఆకుకూర. రోజూ నడక."

అప్పటికే మా నాయినకు షుగరుతో రెండు కాలివేళ్లు తీసేశారు. నాకూ భయం పట్టుకుంది. భయపడినా వ్యాపారినే కదా, బేరానికి దిగాను.

"ఒక్క జామకాయ తింటే ఎన్ని జిలేబీలు మాఫ్, మేడం?"

"ఒక్కటి కూడా కాదు."

"గట్లంటే ఎట్ల? జర సూసి చెప్పుండ్రి."

ఆవిడ నవ్వారు. "దీనికి రేటు ఉండదు బాబూ. అన్నీ పాటించినా జబ్బు రాదని హామీ కూడా ఇవ్వలేను."

ఆవిడ రేటు కట్టకపోతే నేనే కట్టుకున్నాను: జామకాయకు రెండు జిలేబీలు.

నాలుగేళ్లకు రక్తపరీక్షలో షుగరు తేలింది. కాగితం చూపిస్తే ఆవిడ తిట్టలేదు. చేతిలో ఉల్లిగడ్డ అలాగే పట్టుకుని, "ఏం తిన్నావో ఉన్నదున్నట్టు చెప్పు" అన్నారు.

బుద్ధెరిగాక మొదటిసారి తూకం తగ్గించకుండా చెప్పాను.

"దినాం నాలుగు జిలేబీలు తిన్న మేడం. జామకాయలు వారానికి రెండే. నడక లేనే లేదు. నేను కట్టుకున్న రేటుకే సూసినా, వారానికి పన్నెండు కాయలు తక్కువ."