బొగ్గు ధూళిలో తుడిచిన చోటు

దెయ్యాలున్నాయన్న ప్రతివాడితోనూ నేను దెబ్బలాడాను. రేవులో ఖలాసీగా పనిచేసిన రోజుల్లో, మునిగిపోయినవాళ్లు ఓడల చాటున తిరుగుతారని చెప్పేవాళ్లను నలుగురిలో నవ్వులపాలు చేసేవాణ్ని. బడి గుమ్మం ఎక్కలేదు. గోనె బస్తాల మీది అక్షరాలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. కంటితో చూడనిది ఒప్పుకోను. ఇది కంటితో చూశాను, అదే నా బాధ.

కరోనా రెండోసారి విరుచుకుపడ్డ రోజులు. నా భార్య పైడమ్మను ఆసుపత్రికి తీసుకుపోయారు. నన్ను రానివ్వలేదు. నాకూ జ్వరమే కాబట్టి ఇల్లు కదలొద్దని తలుపుకు కాగితం అంటించి పోయారు. ఆమె ఎలా ఉందని ఫోన్ చేస్తే "బాగానే ఉంది" అనేవారు. ఎవడు చూసి చెప్పాడో!

మా పాతపట్నంలో గాలి, బొగ్గు దించే రేవు వైపు నుంచి వీస్తే ఇంటి నిండా బొగ్గు ధూళే. కిటికీలు మూసినా ఆగదు. పైడమ్మ పూటపూటా భోజనానికి ముందు, నడిమి గదిలో మేమిద్దరం కూర్చునేంత మేర తడిగుడ్డతో తుడిచేది. ఆమె ఆసుపత్రికి వెళ్లాక నేను చీపురు పట్టలేదు. సరిగా అన్నమూ తినలేదు.

ఆ మధ్యాహ్నం వీధిలో పిట్ట కూడా లేదు. ఎదురింటి అప్పలనాయుడు తలుపు కొట్టి దూరంగా జరిగాడు. పైడమ్మను చెల్లీ అని పిలిచే మనిషి.

"బావా, సేపల పులుసు గుమ్మంకాడెట్టినాను. నానెల్లినాక తలుపు తియ్యి. నీ జొరం నాకంటించీకు."

"ఆకలి నేదు బావా."

"నేదంటే ఎలాగ? నువ్వు తిన్నేదని తెలిస్తే మా సెల్లి ఆస్పత్రి మంచం దిగొచ్చి నన్ను తంతాది!"

నవ్వొచ్చింది. గిన్నె తీసుకుని గడియ వేశాను. నడిమి గదిలోంచే వంటింట్లోకి వెళ్లాను. అప్పటికి నేలంతా నల్లగానే ఉంది. కంచంలో ఇంత అన్నం పెట్టుకుని మళ్లీ ఆ గదిలోకి వచ్చాను.

నేల తుడిచి ఉంది. తడి ఇంకా ఆరలేదు. చుట్టూ ధూళిలో నా అడుగులు తప్ప వేరే జాడ లేదు. పెరటి తలుపుకూ గడియే. దండెం మీది నేల తుడిచే గుడ్డ అప్పడంలా ఎండి ఉంది.

తుడిచింది ఒక్కరికే. నేను కూర్చునే పక్క. పైడమ్మ పక్క నలుపు అలాగే ఉంది.

కంచం పట్టుకుని నిలబడిపోయాను. అప్పుడు ఫోన్ మోగింది. ఆసుపత్రివాళ్లు చెప్పకముందే నాకు తెలిసిపోయింది. ఒక్కసారి ముఖం చూపించమని బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. రూల్ ఒప్పుకోదట! నాతో కాపురం చేసిన మనిషిని మూటకట్టి, నేను లేకుండానే కాల్చేశారు.

జ్వరంలో నువ్వే తుడుచుకుని ఉంటావంటాడు అప్పలనాయుడు. మరి గుడ్డ ఎందుకు తడవలేదు? నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ సాయంత్రం కిటికీ సందుల్లో పాత పంచెలు కుక్కి, ఆ చోటుకు కాపలా కూర్చున్నాను. ధూళి ఆగలేదు. తెల్లారేసరికి ఏది తన పక్కో, ఏది నా పక్కో తెలియలేదు.