శంఖం పీతల మీద నాపరాయి

ఆ ఘోరం జరిగిన రోజున మా తాండూరు ఇంట్లో ఉన్నవారు, ఉన్నవి: అమ్మ, బాపు, కాలికి కట్టుతో మంచం దిగలేని తొమ్మిదేళ్ల చెల్లె సుశీల, నాలుగు శంఖం పీతలు, కొత్తగా ఓవర్సీయర్ పరీక్ష పాసైన నేను. ఈ ప్రాణులన్నిటిలో ప్రమాదకరమైనది ఏదో మీకు కాసేపట్లో తెలుస్తుంది.

సుశీల ఎడ్లబండి మీద నుంచి పడింది. వికారాబాద్ దవాఖానలో కట్టు కట్టి, రెండు నెలలు కదలొద్దన్నారు. తోడుకు కుక్కపిల్ల కావాలన్నది. బాపు వద్దన్నాడు. అప్పుడే బొంబాయి వెళ్లిన నేను, శంఖాల్లో కాపురముండే ఈ పీతలను సముద్రం ఒడ్డున కొని, రేకు డబ్బాలో పెట్టి ప్యాసింజర్ రైల్లో తెచ్చాను. మొరగవు, పాలు అడగవు, ఇల్లు కూడా తామే మోసుకుంటాయని ఇంట్లోవాళ్లకు వివరించాను. అమ్మ మాత్రం, ఎండ్రికాయలను పెంచుడేందిరా, వండుకుంటరు గాని, అన్నది.

చెల్లెకు అవి ప్రాణమైపోయాయి. కట్టు మీద వాటిని నడిపిస్తూ, పడిన తర్వాత మొదటిసారి నవ్వింది. పెద్దదానికి రంగి అని పేరు పెట్టింది.

నెల గడిచాక ఒక ఉదయం రంగి కాళ్లు, కొండ్లు, కండ్లతో సహా ఊడి శంఖం ముందు పడి ఉన్నాయి. పక్కదానిదీ అదే స్థితి. పట్టి చూస్తే ఉత్త డొల్ల. చనిపోయాయని డాక్టరులా ప్రకటించాను.

"చచ్చిపోలే అన్నా. జర ఆగు."

"కాళ్లు గిక్కడున్నయి, కండ్లు గిక్కడున్నయి. ఇంక లోపల ఏముంటదే?"

"రంగి ఉంటది."

చదువుకున్నవాణ్ని, ఆగుతానా? శంఖాలతో సహా పెరట్లో పాతి, కుక్కలు తవ్వకుండా పైన నాపరాయి పరిచి, సున్నం, ఇసుక పాళ్లు తప్పకుండా కలిపి అంచులు మూసేశాను. ఓవర్సీయరుగా వంతెన కట్టించినా అంత శ్రద్ధ పెట్టేవాణ్ని కాదేమో.

నాలుగు రోజులకు మూడోదీ అలాగే అయింది. ఇంట్లో సున్నం అయిపోవడంతో అంత్యక్రియలు మర్నాటికి వాయిదా వేశాను. తెల్లారేసరికి అది లేత గులాబీ రంగులో శంఖంలోంచి తొంగిచూస్తూ, తన పాత కాలిని తానే నములుతున్నది. పాము కుబుసం విడిచినట్టు పీత డొల్ల విడుస్తుందన్నమాట. పాము కుబుసాలు మా పెరట్లోనే ఎన్నో చూశాను. ఆ ముక్క నా బుర్రకు తట్టలేదు.

"అయితే రంగి?" అన్నది సుశీల.

గడ్డపార తీసుకుని పరుగెత్తాను. రాయి కదలలేదు. బాపు కూడా చేయి వేశాడు.

"మంచిగ కట్టినవ్‌రా," అన్నాడు. జీవితంలో ఆయన నన్ను మెచ్చుకున్నది అప్పుడే.

అమ్మ చెల్లెను ఎత్తుకుని గడప దాకా తెచ్చింది. రాయి లేచింది. శంఖాలు నేను పెట్టిన చోట లేవు. రెండూ మట్టి తోసుకుంటూ నేను సున్నంతో మూసిన అంచు దాకా వచ్చి, అక్కడ ఆగిపోయి ఉన్నాయి. తట్టాను. నీళ్లు చల్లాను. కదలలేదు.

సుశీల ఏడవలేదు. "మిగిలినయి ముట్టకు అన్నా," అన్నది, అంతే.

అందుకని పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఇకపై ఏ ప్రాణికీ నా అంతట నేను చావు ప్రకటించను, పక్కన ఆగమనేవాళ్లు ఉండగా సున్నం కలపను.

తెచ్చినవి నాలుగు. మిగిలినవి రెండు.