పెదనాన్న రిఫ్రెష్ కొట్టారు

ఈ హిందీ ఊళ్లో, క్యాంప్ 1 అనే మా పేటలోని తెలుగు చర్చిలో పాటలు తెరమీద చూపించడానికి నేనే ఒక డెస్క్‌టాప్ అప్లికేషన్ చేసిచ్చాను. ఇక్కడ పుట్టిన పిల్లలకు తెలుగు చదవడం రాదు కాబట్టి, తెలుగు పాటే కింద హిందీ లిపిలో కూడా వస్తుంది. నాకు వచ్చింది వెబ్‌సైట్ల పని. అందుకని వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్‌తోనే దీన్నీ కట్టేశాను. పైకి మామూలు సాఫ్ట్‌వేర్‌లా కనిపిస్తుంది గానీ లోపల ఉన్నది బ్రౌజరే.

ఈ ఉదయం ఆరాధనలో రైల్వేలో రిటైరైన మా పెదనాన్న ల్యాప్‌టాప్ దగ్గర కూర్చున్నారు. పల్లవి అయిందో లేదో పాట మాయమై, మొదటి పేజీ వచ్చేసింది. చరణం ఎవరికీ నోటికి రాదు. ఆయన మళ్లీ పాట వెతికేదాకా చర్చి మొత్తం పల్లవే తిప్పి తిప్పి పాడింది.

అయ్యాక అడిగాను. "ఏటి నొక్కీసేవు పెదనాన్నా?"

"ఏటీ లేదురా, రిఫ్రెష్ కొట్టేనంతే. ఆఫీసులో మేమందరం అలాగే చేసీవోళ్లం. మధ్య మధ్యలో కొట్టకపోతే మెషీన్ హ్యాంగైపోదేటి?"

మామూలుగా కంప్యూటర్‌లో రిఫ్రెష్ కొడితే తెర ఒకసారి మిణుక్కుమంటుంది, మెషీన్‌కి ఒరిగేదేమీ లేదు; బ్రౌజర్‌లో అయితే పేజీ మళ్లీ మొదటికి వచ్చేస్తుంది. నా అప్లికేషన్‌లో ఆ రిఫ్రెష్ మీట, F5, పనిచేయకుండా ఆపడం మర్చిపోయింది నేనే. అక్కడే బెంచీమీద కూర్చుని ఆపేశాను. నొక్కితే ఏమీ జరగకపోయేసరికి ఆయన "ఖరాబ్ చేసీసేవురా" అని మొహం చిట్లించారు. దాంతో, నొక్కినప్పుడల్లా తెర ఒక్కసారి మిణుక్కుమనేలా పెట్టాను. అంతకుమించి అది చేసేదేమీ లేదు.

పెదనాన్న టకటకా నొక్కి చూశారు. "ఆఁ, ఇప్పుడు ఫాస్టయింది" అన్నారు.

ఆయనకు నిజం చెప్పాలా వద్దా, మీరే తేల్చండి. నేనైతే చెప్పలేను. ఈ పోస్టు రాయడానికి కంప్యూటర్ తెరవగానే నేను చేసిన మొదటి పని కూడా రిఫ్రెష్ కొట్టడమే.