తూనీగ నడిపిన బండి

ఆ వీధిలో ఆమెను చిన్నా పెద్దా అందరూ అక్క అనే పిలిచేవారు. జుట్టంతా నెరిసిపోయిన పోస్టుమాస్టరు కూడా "అక్కా, నా బండి మళ్ళీ దగ్గుతోంది" అంటూ వచ్చేవాడు. "మీకు నేను అక్కనైతే మా అమ్మ మిమ్మల్ని ఏ వయసులో కనుంటుందండీ?" అనేది ఆమె, చేతిలో స్పానరు దించకుండానే. ఆయన నవ్వేవాడు, మర్నాడు మళ్ళీ అక్కా అనేవాడు.

షెడ్డు వాళ్ళ నాన్నది. ఒకవైపు ప్రింటింగ్ ప్రెస్సు, ఇంకోవైపు కలప దుకాణం, మధ్యలో పొడుగాటి గది. నాన్నకు నడుము పట్టేసి కింద కూర్చోలేకపోయిన రోజుల్లో ఆమె బడి అయ్యాక వచ్చి, రేకు పళ్ళెంలో కిరోసిన్ పోసి సామాన్లు కడిగిపెట్టేది. కడుగుతూ కడుగుతూ విప్పడం నేర్చింది, విప్పుతూ బిగించడం నేర్చింది. నాన్న పోయేనాటికి కిటికీ పక్కనున్న బల్ల ఆమెదైపోయింది. ఇంజనుకు పెట్రోలు అందించే కార్బొరేటర్లన్నీ ఆ బల్ల మీదికే వచ్చేవి. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే, "చేతులకు గ్రీజు వదిలిన రోజున చూద్దాంలెండి" అనేది. ఆ రోజు ఎటూ రాదని అడిగినవాళ్ళకూ తెలుసు.

ఆమె తమ్ముణ్ణి నాన్న తూనీగ అనేవాడు. సన్నగా ఉండేవాడు, ఒక్కచోట వాలేవాడు కాదు. బల్ల దగ్గర కూర్చోమంటే వాడికి ప్రాణం పోయినంత పని. బండి స్టార్టు చేసి, తల ఓ పక్కకు వంచి కాసేపు విని, "అక్కా, రోగం నీ బల్ల మీదే ఉంది" అనో, "నీకేం పని లేదు, ఇది వాల్వుల గోల" అనో చెప్పేవాడు. వాడి మాట తప్పడం అరుదు. ఆమె బాగుచేసిన బండిని రోడ్డు మీద తిప్పి చూసి రావడం కూడా వాడి పనే. 

మందుల షాపులో పనిచేసే ఒకమ్మాయి స్కూటరు ఆ షెడ్డుకు రావడం మొదలుపెట్టి, ఎంతకీ బాగుపడలేదు. వారం తిరక్కుండా మళ్ళీ వచ్చేది. "ఆ స్కూటరుకు ఏ జబ్బూ లేదు, జబ్బు మావాడికే" అని అక్క వీధి వీధంతా చెప్పి నవ్వింది. ఇద్దరికీ పెళ్ళయ్యాక ఆ స్కూటరు మళ్ళీ షెడ్డు ముఖం చూడలేదు. ముగ్గురూ షెడ్డు మీదున్న రెండు గదుల్లో ఉండేవారు. మరదలికి చమత్కారం ఎక్కువ. వదినా మరదళ్ళు ఒకటై తనను ఆటపట్టిస్తే తూనీగ అన్నం పళ్ళెం పట్టుకుని మెట్ల మీదికి పారిపోయేవాడు.

ఒక ఎండాకాలం డ్రాయింగు మాస్టారు తన పాత మోటారుసైకిలు తోసుకుంటూ వచ్చారు. అది ఆయన తండ్రి కొన్నది, వయసులో మాస్టారి కంటే పెద్దది. బరువైన ఇనుప మడ్గార్డులు, ట్యాంకు మీద ఆయనే కుంచెతో దిద్దిన బంగారు గీత. చాలాకాలం వాడక పక్కన పెడితే కార్బొరేటరు నుంచి పెట్రోలు కారడం మొదలైంది.

కార్బొరేటరు అడుగున చిన్న గిన్నె ఉంటుంది. అందులో ఇత్తడి బుడ్డి ఒకటి తేలుతుంటుంది. దాన్నే ఫ్లోటు అంటారు. పెట్రోలు నిండేకొద్దీ అది పైకి లేచి, పైనున్న సన్నటి సూదిని నెట్టి దారి మూసేస్తుంది. మేడ మీద నీళ్ళ ట్యాంకులో బంతి చేసే పనే ఇది. మట్టం ఎక్కువైతే పెట్రోలు పొంగి కారుతుంది. తక్కువైతే బండి మామూలుగానే నడుస్తుంది కానీ, ఒక్కసారిగా వేగం పెంచితే పెట్రోలు అందక కుదిపేస్తుంది, ఆగిపోయినా ఆగిపోతుంది. బుడ్డికీ సూదికీ నడుమ నాలుకలాంటి రేకు ఒకటి ఉంటుంది. మట్టం సరిచెయ్యడమంటే ఆ రేకును వెంట్రుకవాసి అటో ఇటో వంచడం.

అక్క కార్బొరేటరును తిరగేసి పట్టుకుని, స్కేలు ఆనించి, రేకు వంచి, మళ్ళీ కొలిచి బిగించింది. కారడం ఆగింది. గిన్నె అడుగున గాజులాంటి గొట్టం తగిలించి లోపల మట్టం ఎక్కడుందో కళ్ళతో చూసుకోవడం ఆమె అలవాటు. గొట్టం కోసం సొరుగు వెతుకుతుండగానే తూనీగ బండెక్కి కూర్చున్నాడు.

"ఉండరా, ఒక్కసారి చూడనీ."

"కారడం ఆగిందిగా?"

"ఆగింది. మరీ కిందికి దిగిపోయిందేమో చూడొద్దూ?"

"అది నేను రోడ్డు మీద చూసొస్తా. నీ గొట్టం చెప్పేది నా చెవి చెప్పదేంటి?"

ఆమెకు నవ్వొచ్చింది. "సరే పో. మాస్టారు వచ్చేలోపు వచ్చెయ్" అంది.

గోదాముల దగ్గర మలుపు ఉంది. అక్కడ రోడ్డు దాటుతుండగా పక్కనుంచి లారీ వచ్చి కొట్టింది. లారీ వేగంగా వచ్చిందనీ, హారన్ కూడా కొట్టలేదనీ తరవాత అందరూ అన్నారు. కేసులో తప్పు లారీదేనని తేలింది కూడా. కానీ తూనీగను ఆసుపత్రికి మోసుకొచ్చింది మలుపు దగ్గర టీకొట్టతను. వరండాలో అతను అక్కతో ఒక మాట అన్నాడు. "రోడ్డు మధ్యకొచ్చాక బండి ఒక్క కుదుపు కుదిపిందమ్మా. ఆగినట్టే అయింది. అంతలో లారీ…"

ఆ తరవాత అతనేం చెప్పాడో ఆమెకు వినపడలేదు. తూనీగ మళ్ళీ కళ్ళు తెరవలేదు.

నలిగిన బండిని పోలీసులు వదిలేశాక షెడ్డుకు తెచ్చి వెనక మూలన పెట్టి పట్టా కప్పారు. మాస్టారు దాని ఊసెత్తలేదు. అప్పుడప్పుడూ వచ్చి స్టూలు మీద కాసేపు కూర్చుని, ఏదో ఒకటి మాట్లాడాలని వాన గురించి మాట్లాడి వెళ్ళిపోయేవారు.

అక్క కొన్నాళ్ళకు షెడ్డు తెరిచింది. గొలుసులు మార్చింది, బ్రేకులు బిగించింది, ఇంజన్లు దించింది. కార్బొరేటరు మాత్రం ముట్టుకోలేదు. ఎవరైనా అడిగితే "చూపు ఆనట్లేదండీ" అని బజారు చివరి షెడ్డుకు పంపేసేది. అదే మనిషి మరుక్షణంలో సూదిలో దారం ఎక్కించడం చూసి కూడా పోస్టుమాస్టరు బండి తోసుకుంటూ బజారు చివరికి వెళ్ళాడు. మరదలు మందుల షాపు మానేసి షెడ్డు ముందు భాగంలో స్పేరుపార్టుల కౌంటరు పెట్టింది. తన పుట్టింటివాళ్ళు రమ్మంటే వెళ్ళలేదు. "మా వదినకు వండిపెట్టకపోతే ఆవిడ టీ బిస్కట్లతో బతికేస్తుంది" అని చెప్పి పంపేసింది. ఆ ఇద్దరూ అలా ఏళ్ళ తరబడి ఒకే కంచంలో తింటూ, ఒకే కప్పు కింద బతికారు. తూనీగ గురించి మాట్లాడుకునేవారు, వాడి అల్లరి తలుచుకుని నవ్వుకునేవారు కూడా. ఆ మలుపు గురించి మాత్రం ఎన్నడూ మాట్లాడుకోలేదు.

ఒకరోజు మాస్టారు చేతికర్రతో వచ్చారు. ఇల్లు ఖాళీ చేసి చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతున్నానని చెప్పారు. కాసేపు నసిగి, "ఆ బండి మీకు అడ్డం కదమ్మా. పాత ఇనుము వాణ్ణి పంపిస్తాను, తీసుకుపోతాడు" అన్నారు.

"కొన్ని రోజులు ఆగండి మాస్టారూ" అంది అక్క.

మధ్యాహ్నం మరదలు సరుకు తేవడానికి బజారుకెళ్ళాక ఆమె పట్టా తీసింది. దుమ్ము గొంతులోకి పోయి దగ్గొచ్చింది. కార్బొరేటరు విప్పి కిటికీ పక్క బల్ల మీద పెట్టుకుంది. గిన్నె ఊడి రావడానికి చాలాసేపు పట్టింది. లోపల పెట్రోలు ఎండి బంకలా గడ్డకట్టింది. ఆ బంకను కొంచెం కొంచెం కడిగింది. స్కేలు తీసి పక్కన పెట్టుకుంది. ఇన్నేళ్ళుగా ఆమె భయపడింది ఈ కొలతకే. మట్టం తక్కువ ఉంటే తమ్ముణ్ణి చంపింది తనే. సరిగ్గా ఉంటే కాదు. ఏదో ఒకటి తేలిపోతుందనుకుంది.

దెబ్బకు గిన్నె ఒక పక్క చీలింది. ఇత్తడి బుడ్డి సొట్టపడింది. నాలుక రేకు పక్కకు మెలితిరిగి ఉంది. ఆ మెలిలో తను వంచింది ఎంతో, లారీ వంచింది ఎంతో చెప్పే దారి లేదు. స్కేలు ఆనించి చూసింది, తిప్పి చూసింది, వెలుతురుకు పట్టి చూసింది. ఆ రేకు ఆమెకు ఏమీ చెప్పలేదు.

మరదలు తిరిగొచ్చేసరికి అక్క ఆ ముక్కలు ముందు పెట్టుకుని కూర్చునుంది.

"ఏంటి వదినా ఇది? ఇప్పుడెందుకు తీశావు?"

అప్పుడు చెప్పింది. గొట్టం పెట్టి చూడలేదని, వాడు నవ్విస్తే పొమ్మన్నానని, టీకొట్టతను బండి కుదిపి ఆగిందన్నాడని. చెప్తూ తల ఎత్తలేదు.

మరదలు సంచి కింద పెట్టలేదు. "ఇన్నేళ్ళు నాతో కూర్చుని తింటూ ఈ మాట కడుపులో పెట్టుకున్నావా?" అంది. "నాకొక్కదానికి చెప్పలేకపోయావా?" సంచి అలాగే పట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది.

ఆ తరవాత ఇంట్లో మాటల్లేవు. మరదలు వండింది, మూతపెట్టి ఉంచింది, తను ముందే తిని పడుకుంది. కౌంటరు దగ్గర ఎవరైనా "అక్క ఉందా?" అంటే లోపలికి చెయ్యి చూపించేది. ఆమె పుట్టింటికి వెళ్ళిపోతుందేమోనని అక్క భయపడింది. వెళ్తానంటే ఆపే హక్కు తనకు లేదని కూడా అనుకుంది.

ఒక సాయంత్రం షట్టరు సగం దించి, మరదలు వచ్చి మాస్టారు కూర్చునే స్టూలు మీద కూర్చుంది.

"నీతో ఆ టీకొట్టతను బండి ఆగిందన్నాడు కదూ?"

"అన్నాడు."

"నాతో ఆగలేదన్నాడు వదినా. కొన్నాళ్ళ తరవాత నేనే వెళ్ళి అడిగాను. లారీని చూసి కూడా మీవాడు దాటేద్దామని వేగం పెంచాడమ్మా, ఆగుంటే బతికేవాడు అన్నాడు." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నేను ఆయన్ని ఎన్నిసార్లు తిట్టుకున్నానో నీకు తెలీదు. ఇంట్లో నేను ఎదురుచూస్తున్నానని గుర్తులేకుండా ఏంటా దూకుడని. చచ్చిపోయిన మనిషి మీద కోపంతో నిద్రపట్టేది కాదు. నీతో చెబితే తమ్ముడి మీద నీకు చులకనవుతుందని చెప్పలేదు."

అక్క ఆమె దగ్గరికి జరిగింది. "మరి అతను నాతో ఎందుకలా అన్నాడు?"

"ఏమో. నాతో ఎందుకలా అన్నాడు? ఆ గందరగోళంలో ఏం చూశాడో, ఏం చూడలేదో."

ఇద్దరూ కలిసి వెళ్ళి అతణ్ణే అడుగుదామని లేచారు. మలుపు దగ్గర ఇప్పుడు సెల్‌ఫోను కవర్లు అమ్మే బండి ఉంది. టీకొట్టతను పోయి చాలాకాలమైందట, కొడుకులు ఎటో వెళ్ళారట. వస్తూ వస్తూ మరదలు అక్క చెయ్యి పట్టుకుంది. ఇల్లు చేరేదాకా వదల్లేదు.

అక్క ఆ బండిని ఇనుముకు పంపలేదు. ముందు చక్రం వంకర తీయించింది, మడ్గార్డు సాపు చేయించింది. చీలిన గిన్నె బదులు వేరేది వెతికి పట్టుకుంది, కొత్త బుడ్డి వేసింది. కిటికీ దగ్గర కార్బొరేటరు తిరగేసి పట్టుకుంది. కాసేపు కింద పెట్టేసి, చేతులు తుడుచుకుని, మళ్ళీ పట్టుకుంది. రేకు వంచింది, కొలిచింది. గొట్టం తగిలించి పెట్రోలు వదిలింది. లోపల మట్టం మెల్లగా లేచి, ఉండాల్సిన గీత దగ్గర నిలబడింది. మరదలు కౌంటరు వదిలి వచ్చి పక్కన నిలబడి చూసింది.

"ఇంతేనా?" అంది.

"ఇంతే."

తిప్పి చూసి రావడానికి అక్కే వెళ్ళింది. గోదాముల మలుపు దగ్గర రెండువైపులా చూసి, రోడ్డు మధ్యకొచ్చాక వేగం పెంచింది. బండి కుదపలేదు. అవతలి పక్కకు వెళ్ళి ఆపి, ఇంజను మోగుతుండగానే కూర్చుండిపోయింది. ఇది ఇవాళ్టి ఫ్లోటు. ఆనాటిది ఎలా ఉందో దీన్నిబట్టి తెలియదు. ఆ సంగతి ఆమెకు బయల్దేరేటప్పుడే తెలుసు. అయినా ఏడుపు ఆగలేదు.

మాస్టారు వచ్చి బండి శబ్దం విన్నారు. ట్యాంకు మీద చెరిగిపోయిన బంగారు గీతను వేలితో నిమిరారు. తను నడపలేనన్నారు, మీరే ఉంచుకోండన్నారు. అక్క వద్దంది. చివరికి పాత బండ్లు ఇష్టపడే ఎవరో పెద్దమనిషి వేరే ఊరినుంచి చిన్న ట్రక్కు పంపించాడు. తాళ్ళు బిగుతుగా కట్టారో లేదో అక్క నాలుగు పక్కలా లాగి చూసింది. ట్రక్కు వీధి మలుపు తిరిగేదాకా ముగ్గురూ గుమ్మంలోనే ఉన్నారు. మాస్టారు కర్ర ఊతంతో వెళ్ళిపోయారు.

మరదలు చీపురు తీసుకుని షెడ్డు వెనక మూల ఊడవడానికి వెళ్ళింది. చీపురు చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది. అక్క వెళ్ళి చూస్తే, ఆ ఖాళీలో నేలమీద మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని, పమిట నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. అక్క ఆమె పక్కనే గచ్చు మీద కూలబడి భుజం మీద చెయ్యేసింది.

బయట ఎవరో బండి ఆపి, "అక్కా, కార్బొరేటరు చూస్తావా?" అని పిలిచారు.

మరదలు పమిట తీసి గొంతు సవరించుకుంది. "చూస్తుందండీ" అని అక్కణ్ణుంచే కేకేసింది. "రేపు రండి. ఈరోజు మాకు పనుంది."